అమ్మను పిలిచే పెట్టె

తమ్ముడూ,

మేం బాగానే ఉన్నాం. నువ్వు మాకంటే బాగుంటావని తెలుసు కాబట్టి అడగడం లేదు.

మీ ఇంట్లో నెల రోజులుండి వచ్చిన దగ్గర్నుంచి అమ్మది ఒకటే పాట: "చిన్నోడి ఇంట్లో లైట్లు వాటంతటవే వెలుగుతాయి. పాత సినిమా కావాలంటే నోటితో అడిగితే చాలు. మాత్రల వేళకి ఇల్లే పిలుస్తుంది." పదేళ్లుగా ఆ మాత్రలు చేతికిస్తున్నది నేను.

ఇవన్నీ నడిపే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఎవరైనా పెట్టుకోవచ్చని నువ్వే అన్నావు. నిన్ను అడగడం నామోషీ అనిపించింది. మొన్న నువ్వు భోజనానికి పిలిచినప్పుడు నీ సెట్టింగులన్నీ చెప్పకుండా పెన్‌డ్రైవులో ఎక్కించుకుని, మా పాత కంప్యూటరులో పెట్టాను. వాటితోపాటు నువ్వు రికార్డు చేసిపెట్టిన నీ గొంతూ వచ్చేసింది. సాయంత్రం నాలుగింటికి మా హాల్లో స్పీకరు పెట్టెలోంచి నువ్వు "అమ్మా, మాత్ర వేసుకున్నావా?" అంటావు. అమ్మ నవ్వుతూ "వేసుకుంటున్నా నాన్నా" అంటుంది. ఆ "నాన్నా" నాకు ఒక్కనాడూ దక్కలేదు.

నిన్న నీ గొంతు తీసేసి నాది పెట్టాను. నాలుగింటికి పెట్టె నా గొంతుతో అదే మాట అడిగింది. అమ్మ కాసేపు చెవి ఒగ్గి విని, "పెద్దోడా, పెట్టె పాడైందిరా. తమ్ముడికి రాయి" అంది.

రాస్తున్నాను.

అన్నయ్య