తడవని కుంచెలు

శిక్షణాధికారి గారికి,

మీరు పంపిన సర్టిఫికెట్‌ను ఈ ఉత్తరంతో పాటే తిప్పి పంపుతున్నాను. కోపంతోనే పంపుతున్నాను, దాచడమెందుకు?

ఇరవై ఏళ్లుగా బడిలో డ్రాయింగ్ చెబుతున్నా, నీళ్ల బొమ్మ మాత్రం నాకు కుదరలేదు. ఆరో తరగతి అమ్మాయి ఒకరోజు "నీళ్లకి రంగే లేదు కదా టీచర్, మరి ఎలా వేస్తారు?" అని అడిగింది. "ట్రైనింగుకి వెళ్తున్నాగా, నేర్చుకొచ్చి చెప్తానమ్మా" అన్నాను.

మూడు రోజులు నలభైమంది డ్రాయింగ్ టీచర్లను తెర ముందు కూర్చోబెట్టి సృజనాత్మకత మీద ఉపన్యాసాలిచ్చారు. నేల విడిచి సాము అంటే అదేనండీ! ఆఖరి రోజు తలా ఒక కుంచె ఇస్తే ప్రాణం లేచొచ్చింది. ఫోటో తీశారు. వెంటనే కుంచెలు వెనక్కి తీసుకున్నారు. "రంగులేవండీ?" అని నేనడిగితే, "నేల పాడవుతుందమ్మా, హాలు అద్దెది" అన్నది మీరే.

సోమవారం ఆ పిల్ల గుమ్మంలోనే "నేర్చుకున్నారా టీచర్?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. "లేదమ్మా, మనమే కనిపెడదాం" అన్నాను. వారం రోజులు ఇద్దరం కాగితాలు పాడుచేశాం. చివరికి ఆ పిల్లే కనిపెట్టింది. నీళ్లు వేయక్కర్లేదట, బకెట్ నీళ్లలో కనిపించే కిటికీ నీడని వేస్తే చాలట!

ఆ రోజే మీ సర్టిఫికెట్ వచ్చింది. మంచి దళసరి కాగితం, రంగు బాగా పట్టింది. మీ సంతకం వైపు కాదు, వెనక్కి తిప్పి చూడండి. బకెట్ నిండా నీళ్లున్నాయి. జాగ్రత్తగా పట్టుకోండి, ఒలికితే మీ నేల పాడవుతుంది.

ఇట్లు,
ఫోటోలో నవ్వకుండా నిలబడ్డ డ్రాయింగ్ టీచర్