గాలి ఆగితేనే రెక్క ఎక్కుద్దట

నాన్నా,

నువ్వు పోయాక, అంతర్వేది ఒడ్డున మన పడవ కట్టే చోటికి దగ్గర్లో కరెంటు తీసే గాలిమర నిలబెట్టారు. దాని ఒక్క రెక్కే మన పడవకి నాలుగింతలుంది. ఆ రెక్కలు ఎత్తడానికి వచ్చినవాళ్లు రోజుల తరబడి క్రేన్ పక్కన ఖాళీగా కూర్చున్నారు.

"గాలి తగ్గాలండీ, లేకపోతే రెక్క ఊగిపోద్ది," అన్నారు.

అమ్మకి నవ్వొచ్చింది. "మా ఆయన గాలి లేవాలని కూర్చునేవోరండీ."

ఇవాళ అది మొదటిసారి తిరిగింది. అంతంత రెక్కలు కొబ్బరాకులంత తేలిగ్గా గోదావరి మీంచి లేచి సముద్రం మీదికి వాలుతుంటే తలెత్తి చూస్తూనే ఉన్నాను.

తెరచాపలో గాలి నిండగానే నువ్వు తలగుడ్డ తీసి దణ్ణం పెట్టేవాడివి.

నా తలగుడ్డ చేతిలో ఉంది నాన్నా. ఎప్పుడు తీశానో నాకే తెలీదు.