కడాయి మూత

తమ్ముడూ శ్రవణ్,

బావను కొట్టడానికి దుబాయి నుంచి వస్తానన్నావట. టికెట్ తీయకు. ఫోన్‌లో చెబితే ఏడుపొస్తుందని రాస్తున్నాను.

ఆర్మూర్‌లో కౌన్సెలింగ్ మేడం మొన్న మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. ఆయనకు ఎదురుగా కూర్చోవడం నాకు ఇష్టమేనా అని అంతకుముందు మూడుసార్లు అడిగింది. ఊరి పంచాయితీలా కాదు. మొదట నేనే మాట్లాడాను. నేను ముగించేదాకా బావ నోరు తెరవకూడదు. నీకేం కావాలని మేడం అడిగితే, ఆడిన అబద్ధాన్ని ఆడిన చోటే ఒప్పుకోవాలన్నాను.

పోయిన ఏడు పసుపు ఉడికించే కడాయి ఆవిరికి చెయ్యి కాలిందని నీకూ చెప్పాను కదా. ఆయన నాకు నేర్పి, కల్లంలో అందరికీ తానూ చెప్పిన మాటే అది. ఏమీ అనుకోకు. అప్పటి నుంచి, మూత తీయడం కూడా చేతకాదని ఆడవాళ్లు నన్ను కడాయి దగ్గరికి రానివ్వలేదు.

నిన్న బావ పసుపు ఆరబోసే కల్లంలో అందరి ముందు నిలబడి, "ఆవిరి గాదు. మరిగే నీళ్లు నేనే పోసిన" అన్నాడు. నేను కొంగులోంచి చెయ్యి బయటికి తీశాను.

ఆయన మీద పెట్టిన పోలీసు కేసు నేను వెనక్కి తీసుకోలేదు. ఆయన మోర్తాడ్‌లో వాళ్లక్క ఇంట్లో ఉంటున్నాడు. నేను రమ్మంటేనే రావాలి. రమ్మంటానో లేదో నాకే తెలియదు, తొందరా లేదు.

పొద్దున పక్కింటి వెంకవ్వ వచ్చి, "పిల్లా, రేపు మా పసుపు ఉడకవెడుతున్నం. మూత నువ్వే తియ్యాలె" అంది.

తెల్లారకముందే పొయ్యి అంటిస్తారు. ఇక ఆపుతాను.

అక్క