ప్రొఫెసర్ గోవిందస్వామికి శాలువా

21 జూన్ 2004, సోమవారం

తిరుపతి నుంచి సునీల్‌కుమార్ మెయిల్. కంప్యూటర్ మెనూలన్నీ తెలుగులో పెట్టే ఫ్రీ సాఫ్ట్‌వేర్ గుంపుకు పెద్ద ఆయనే. ఆ పనికి జీతం లేదు. సీడీలో థ్యాంక్స్ లిస్టులో పేరు వేస్తారు, అంతే. ఆ లిస్టు పంపాడు. పుత్తూరు నుంచి ఒకే పేరు: ప్రొఫెసర్ గోవిందస్వామి, 2,140 వాక్యాలు. ఆదివారం మీటింగులో ఆయనకు శాలువా కప్పుతారట.

గోవిందస్వామి నా కోడిపుంజు. నన్ను తొమ్మిదిలో రెండుసార్లు తప్పించిన సారు పేరు దానికి పెట్టుకున్నాను. షాపుకు మెయిల్ ఐడీ తెరిచిన రోజు తమాషాకు ముందు ప్రొఫెసర్ తగిలించి అదే కొట్టాను. ఐడీలో ఉన్న పేరే లిస్టుకు ఎక్కుతుందని నాకేం తెలుసు.

ఆ వాక్యాలన్నీ రాసింది నా డీటీపీ షాపులో టైపు చేసే ఎస్తేరు.

సాయంత్రం 6

ఎస్తేరు లిస్టు చూసింది. వచ్చే సోమవారం కాలేజీలో ల్యాబ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. డిగ్రీ లేదు గదా, సీడీలో నీ పేరు చూపించు, చాలు అన్నారట. ఇంటర్వ్యూలో కోడిని సూపించేదా అన్నా, అని అడిగింది. నవ్వబోయి ఆగాను.

22 జూన్

సునీల్‌కు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నమ్మలేదు. పోయినేడు నేను టెలిఫోన్ ఇన్‌స్పెక్టర్ గొంతుతో బెదిరిస్తే మోడెమ్‌ను రెండు రోజులు బియ్యం డబ్బాలో దాచిన మనిషి. ఈతూరి మోసపోయేది లేదప్పా దామోదరం, అని పెట్టేశాడు.

24 జూన్

ఎస్తేరు చేత మెయిల్ రాయించాను. అదీ కోడి ఐడీ నుంచే పోయింది. జవాబు వచ్చింది: ప్రొఫెసర్ గారూ, మీరు కూడా ఆ దామోదరంతో చేరితే ఎట్లా, ఐదువందల సీడీలు కాపీ అయిపోయినాయి, అని.

26 జూన్

ఎస్తేరు ఈరోజు కూడా పనికి రాలేదు.

27 జూన్, ఆదివారం

కోడిని సంచిలో పెట్టి తిరుపతి బస్సెక్కాను. కండక్టరు ప్రొఫెసరుకు టికెట్ అడగలేదు.

స్టేజీ మీద పేరు పిలిచారు. చంకలో కోడితో లేచాను. హాలంతా నవ్వింది. సునీల్ మొహం నల్లబడింది. మైకు పట్టుకుని, ఇదే గోవిందస్వామి, దీనికి అక్షరం ముక్క రాదు, నాకు తొమ్మిది దాకానే వచ్చు, రాసింది ఎస్తేరు, అన్నాను. జనాన్ని నవ్వించడమే నా పని. ఈరోజు ఆ నవ్వు ఆగితే చాలనిపించింది.

సునీల్ అక్కడి నుంచే ఎస్తేరు పక్కింటికి ఫోన్ చేసి పిలిపించాడు. ప్రొఫెసర్ నాతో పదకొండు రోజులు మెయిళ్లలో కొట్లాడిన మాట ఏది, అని అడిగాడు. అన్‌డూ. మీరు రద్దు అన్నారు, నేను వెనక్కి తీసుకో అన్నాను, మీరే ఒప్పుకున్నారు సార్, అందట తడుముకోకుండా.

సునీల్ ఫోన్ పెట్టేసి మార్కర్ పెన్ తీశాడు. ఇద్దరం కూర్చుని ఐదువందల సీడీల మీదా ఆమె పేరు రాశాము. మొదటిది ఆమె ఇంట్లో ఇచ్చి వచ్చాను. తీసుకుని తలుపేసుకుంది.

28 జూన్

ఇంటర్వ్యూకు పోయిందట. షట్టరు సగమే ఎత్తి కూర్చున్నాను.

9 ఆగస్టు

కొత్త సీడీ వచ్చింది. పంపింది ఎస్తేరు, కాలేజీ ల్యాబ్ నుంచి. లిస్టులో పుత్తూరు కింద ఆమె పేరు ఉంది. నాది లేదు. అట్టడుగున ఒక వరుస: పుత్తూరు కోడికి కృతజ్ఞతలు.

మూడుసార్లు చదివాను.