ముగ్గురు మునెప్పలు

బెంగుళూరు,
సెప్టెంబరు 14, ఆదివారం.

నాయనకు సరళ నమస్కారాలు.

ఈ పొద్దు ఎదురైన ఆశ్చర్యం ముందే రాసేస్తాను. ఇక్కడి పార్కులో ఒక నల్లరాతి మీద మునెప్ప తాత పేరు కనబడింది. అవ్వ వాళ్లన్న, యుద్ధానికి పోయి తిరిగిరాని మునెప్పే.

నేను బాగున్నాను. నువ్వు, అమ్మ బాగున్నారా? అవ్వ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ రోజూ వాన. హాస్టల్లో సంగటి ఉండదు, అయినా కడుపునిండా తింటున్నాను, దిగులు పడొద్దు. ఫోన్ చేస్తే అవ్వ స్పీకర్ పెట్టమంటుంది కదా, అందుకే నీ కొట్టు అడ్రసుకు ఉత్తరం రాస్తున్నాను.

ఆదివారాలు హాస్టల్ ఖాళీ అయిపోతుంది. ఏమీ తోచక పార్కుకు వెళ్లాను. అక్కడ సైనికుల స్మారకం ఉంది. కన్నడంలో ‘హుతాత్మ’ అని రాశారు. తనను తానే హోమంలో వేసుకున్నవాడట. ఆ మాటను నోట్లో తిప్పుకుంటూ పేర్లు చదువుతుంటే సిపాయి మునెప్ప కనబడ్డాడు. కింద ఇంకో మునెప్ప. పక్క వరుసలో మరొకరు. ఊళ్ల పేర్లు లేవు, నంబర్లే.

మన చేని గట్టున వీరుని రాయికి చేసినట్టే చెప్పులు విడిచి, అవ్వ నా సంచిలో పెట్టిన గంగమ్మ కుంకుమతో ముగ్గురికీ బొట్టు పెట్టాను. వాచ్‌మన్ కన్నడంలో అరుస్తూ వచ్చాడు. నా తెలుగు విని తగ్గాడు. ఆయనది కుప్పమట.

“ఏమ్మా, ఇదేమన్నా గంగమ్మ గుడా?”

“మా అవ్వ వాళ్లన్న పేరన్నా ఇది.”

“మూడిటికీ పెట్టినావే. మీ అవ్వకు ముగ్గురన్నలా?”

“ఒకడే. యాది ఆయనదో తెలీలేదు.”

“మా కుప్పం బస్సులో మునెప్పా అని పిలిస్తే నలుగురు తిరిగి సూస్తారు. తుడిచెయ్ తల్లీ, సూపర్‌వైజరు సూస్తే నన్ను తిడతాడు. ఆ నంబర్లు ఫొటో తీసుకోని మాజీ సైనికుల ఆఫీసుకు పో. ఏ ఊరోళ్లో ఆడ సెప్తారు.”

చున్నీతో బొట్లు తుడిచాను. మూడు నంబర్లూ ఫొటో తీసుకున్నాను.

నాయనా, నాకంతా అయోమయంగా ఉంది. వచ్చే ఆదివారం పెద్దల అమావాస్య. చనిపోయినవాళ్లందరికీ ఆకులేసి వడ్డిస్తాం, ఆయనకు తప్ప. కనబడలేదన్నారే గానీ పోయాడని పట్టాళం వాళ్లు చెప్పలేదని అవ్వ పట్టు. “బతికుండే వానికి ఆకేస్తారంట్రా?” అని పోయినేడు నీ మీద లేచింది. ఆయన పోయి ఉంటే ఇన్నేళ్లూ పస్తు పెట్టాం. బతికి ఉంటే, ఆకు వేసి మనమే చంపినట్టు. ఆ పేరు ఆయనదే కావాలని ఒక క్షణం, కాకూడదని మరుక్షణం.

అవ్వకు చెప్పాలో వద్దో నువ్వే ఆలోచించు. గురువారం ఫోన్ చేస్తాను. ఆయన కాకపోతే ఈ మాటే ఎత్తను. ఆయనే అయితే, “నాయనా, ఈసారి ఒక ఆకు ఎక్కువ కొయ్యి, నేనూ వస్తాండాను” అంటాను. అవ్వ ఆ ఆకు నాకే అనుకుంటుంది. అబద్ధం కాకుండా నిజంగానే వస్తాను.

అమ్మను కొంచెం రాగిపిండి ఎత్తిపెట్టమను. అవ్వ కాళ్లకు నా దండం. ఇంటి పక్కవాళ్లను అడిగానని చెప్పు. నన్ను దీవించు.

నీ కూతురు,
సరళ

రేపు పొద్దున ఆ ఆఫీసు తలుపు తీసే వేళకే అక్కడుంటాను. మూడు నంబర్లూ చూపించి, వీళ్లలో మన పుంగనూరు మునెప్ప ఎవరని అడుగుతాను.