అమ్మ ఏరిన వెన్నులు

కువైట్

అమ్మకు నీ పెద్దకూతురు రెడ్డెమ్మ దండం పెట్టి రాసుకునేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ నాయనా ఎలా ఉన్నారు? నాయన మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఆవు ఈనిందా?

ఎన్నిసార్లు ఫోన్ చేసినా నువ్వు దగ్గరికే రావడం లేదు. అందుకే రాస్తున్నాను. తమ్ముడు చదివి వినిపిస్తాడు. ఒరే మునిరత్నం, ఒక్క ముక్క కూడా మింగకుండా చదవరా.

ఇక్కడ ఎండ మన ఐరాల ఎండలా కాదు, గాలే కాలుతుంది. నాకేం ఇబ్బంది లేదులే, పనంతా ఇంట్లోనే. పెద్ద పళ్లెం నిండా అన్నం వండి పెడితే ఈ ఇంటివాళ్లు సగం కూడా తినరు. మిగిలింది సంచిలో కట్టి పారెయ్యాలి. ఆ సంచి మూతి కట్టేటప్పుడు రోజూ ఏడుపొస్తుంది. నువ్వు ఒంటిపూటే తింటున్నావని, అడిగితే ఆకలి లేదంటున్నావని తమ్ముడు చెప్పాడు.

అమ్మా, ఆ ఏడు హైబ్రిడ్ వరి ఇల్లు పట్టనంత పండింది. ఎప్పటిలాగే కోతకు ముందు నువ్వు పైర్లోకి దిగి మంచి వెన్నులు ఏరావు. ఎండబెట్టి, వేపాకు వేసి కుండలో దాచావు. "మంచి వెన్ను సూసి ఎత్తిపెడితే విత్తనం యాడికి పోతాది?" అన్నావు. "మీయమ్మ చెయ్యి పడితే గులకరాయైనా మొలుస్తాది" అని నాయన నవ్వాడు. మరుసటేడు అదే చల్లాం. ఒక మొక్క మోకాలెత్తు, ఒకటి నడుమెత్తు, సగం తాలు. ఇంట్లో తిండిగింజలు లేక నేనిలా వచ్చాను. హైబ్రిడ్‌కు ఏటా కొత్త విత్తనమే కొనాలని మనకెవరు చెప్పారు? నాయనకు తెలుసా, నాకు తెలుసా? ఆ తప్పంతా నువ్వొక్కదానివే మోస్తున్నావు. "నా కూతుర్ని నేనే దేశం కాని దేశానికి తోలేసినాను" అంటున్నావట. ఆ మాట ఇంకెప్పుడూ అనొద్దమ్మా.

ఈసారి తమ్ముడు వేసింది మేలురకం, హైబ్రిడ్ కాదు. దీని గింజ దాచుకుంటే మళ్లీ ఇలాగే పండుతుందని వ్యవసాయాఫీసు వాళ్లే చెప్పారట. పైరు కోతకొచ్చింది. కానీ "అమ్మ కయ్యలోకి దిగలేదక్కా, గట్టు మీద నిలబడి సూసి వచ్చేసినాది" అన్నాడు తమ్ముడు. దిగమ్మా. వెన్నులు నువ్వే ఏరాలి. ఇంకెవరి చేతా ఏరించొద్దని వాడికి గట్టిగా చెప్పాను.

పిన్నమ్మను, తాతను అడిగానని చెప్పు. నాయన కాళ్లకు మొక్కానని చెప్పు. ఇద్దరూ నన్ను దీవించండి.

కొత్త బియ్యం వండిన రోజు ఫోన్ దగ్గరికి రా. రావేమోనని భయంగా ఉంది. తిన్నానని నీ నోటితో ఒక్కసారి చెప్పమ్మా. అంతవరకు ఇక్కడ నాకు ముద్ద దిగదు.

నీ కూతురు
రెడ్డెమ్మ