మంచు మీద గట్టు

మల్లన్నా,

నువ్వు కన్నుమూసి ఇవాల్టికి ఏడాది. ఖతర్‌లో మన మెసయీద్ క్యాంపులో నీ మంచం మీద ఇప్పుడో నేపాలీ పడుకుంటున్నాడు. నేను చెప్పాలనుకున్నది వేరే సంగతి.

మా ప్లాంటుకు ఇద్దరు కొత్త ఇంజనీర్లు వచ్చారు, ఒకరిది అర్జెంటీనా, ఇంకొకరిది చిలీ. అంటార్కిటికాలో ఒకే మంచు నేలను రెండు దేశాలూ మాదంటే మాదని తమ పటాల్లో గీసుకున్నాయట. టీ తాగుతూ ఫోన్లలో చూపించుకుని నవ్వుకున్నారు. మరి కొట్లాట రాదా అని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. ఒప్పందం ఉందన్నారు. ఎవరూ హక్కు వదులుకోనక్కర్లేదు, కానీ గీత జరపకూడదు, పరిశోధనకు ఎవరొచ్చినా ఆపకూడదు.

నాకు వెంటనే నీ పొలం గట్టు గుర్తొచ్చింది. ఆ మూరెడు గట్టు కోసమే కదా నీ తమ్ముడు గంగారాంతో చివరిదాకా మాట్లాడలేదు! నువ్వుంటే ఒప్పుకోవు కాబట్టి, నిన్నడగకుండానే అతనికి ఫోన్ చేశాను.

"దుబాయ్ల కూసోని మాకు పంచాయితీ చెప్తున్నవా?" అన్నాడు.

దుబాయ్ కాదు, ఖతర్ అని దిద్ది, మంచు కథంతా వినిపించాను.

"గట్టు నీది కాదని ఒప్పుకోకు. మీ అన్నది కాదని అనకు. జరపకు, అంతే" అన్నాను.

గంగారాం గొంతు తగ్గించాడు.

"గట్టు నేనెప్పుడు ముట్టలే. అన్న మడి ఎండుతాంటే సూడలేక నీళ్లు పెడుతున్న. వదినెకు చెప్పకు."

వదినకు చెప్పను. నీకు మాత్రం చెప్పకుండా ఉండలేకపోయాను.